ప్రార్థనలో ప్రభువుకు మరింత దగ్గరగా



"ప్రార్థన చేస్తూనే ఉన్నానండి, కాని దేవుడు ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది" అని మంచం మీద ఉన్న రోగులు అనేకులు అంటుంటారు. నొప్పి, నిద్రలేమి, ఇంటి బెంగ మనసును నిలవనివ్వవు. అంతమాత్రాన విశ్వాసం లేదని కాదు. మరి అలాంటి సమయంలో ప్రార్థనలో ఎదగడం ఎలా?

ఒంగోలు కొండ నేర్పే పాఠం

1853లో అమెరికన్ బాప్టిస్టులు తమ తెలుగు మిషన్‌ను మూసివేయాలా అని ఆలోచించారు. ఏళ్ల తరబడి సేవ చేసినా ఫలం చాలా తక్కువ. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు స్థానిక విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, అక్కడికి ఒక సేవకుని పంపమని ప్రార్థించారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో పనికి దిగింది 1866లో. అంటే 12 ఏళ్లు కనిపెట్టారు! 1876-78 కరువులో క్లౌగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పేదలకు కూలిపని ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

ఆలస్యమైతే దేవుడు వినలేదని కాదు. ప్రార్థించినవారు చేతులు ముడుచుకుని కూర్చోనూ లేదు.

మనం చేయదగినవి

1. సమయం, చోటు ఏర్పరచుకోండి. యేసుప్రభువు పెందలకడనే లేచి ఏకాంతంగా ప్రార్థించెను (మార్కు 1:35). మన వడ్డాది, చోడవరం వైపు చెరకు పనికి చీకటితోనే లేచేవారున్నారు. అందులో 10 నిమిషాలు ప్రభువుకివ్వండి.

2. ఒక కీర్తన చదివి, అందులో మిమ్మల్ని తాకిన మాటను పట్టుకుని ఆయనతో మాట్లాడండి. అడిగే ముందు స్తుతించండి. చివర కాసేపు మౌనంగా ఉండండి.

3. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పౌలు మూడుసార్లు వేడుకున్నా ముల్లు తొలగలేదు, కాని చాలినంత కృప దొరికింది (2 కొరింథీ 12).

4. మోకాళ్లు వంగకపోతే పడుకునే ప్రార్థించండి. హిజ్కియా మంచం మీదనే గోడవైపు తిరిగి ప్రార్థించాడు.

5. పక్క మంచం వారి కొరకు విజ్ఞాపన చేయండి. మన బాధ కొంత తేలికవుతుంది.

ఉపవాసం, మందులు

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు భోజనం మానితే షుగరు పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి, స్పృహ కూడా తప్పవచ్చు. అలా అనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగి ఆసుపత్రికి రండి. స్పృహ లేనివారికి నోట ఏమీ పోయకండి. షుగరు రోగులు, గర్భిణులు, బాలింతలు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండవద్దు. ఆ రోజు టీవీ మాని ఆ సమయం ప్రార్థనలో గడపవచ్చు.

"స్వస్థత వచ్చింది" అని మందులు మీకై మీరు ఆపవద్దు. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా పోవచ్చు. హిజ్కియాకు 15 ఏళ్ల ఆయుష్షు పెంచిన దేవుడే అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టించాడు (2 రాజులు 20). ప్రార్థన, వైద్యం రెండూ ఆయన చేతిలోనివే.

ఈ రాత్రి దీపం ఆర్పే ముందు ఒక్క నిమిషం ఆయన సన్నిధిలో ఉండండి. రేపు రెండు నిమిషాలు. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.