‘వాడంతే’ అనేస్తే ఎలా?

మధ్యాహ్నం మూడు దాటితే ఆ పిల్లాడు ఎడమచేతి మణికట్టు కొరుక్కునేవాడు. కొరికి కొరికి అక్కడ చర్మం కాయ కాసింది. పదకొండేళ్ల వాడు, ఆటిజం, నోట్లోంచి వచ్చే మాటలు రెండో మూడో. తెలంగాణలోని ఓ మండల కేంద్రంలో, బడి ఆవరణలో ఒక మూల గదిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వస్తాడు. ‘‘వాడు గంతే సార్. అసొంటి పిల్లలకు ఉంటది గదా’’ అంది వాళ్లమ్మ, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని. పక్క తరగతుల టీచర్లదీ అదే మాట.

భవిత టీచరమ్మ మాత్రం ఆ మాట దగ్గర ఆగలేదు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి రాయడం మొదలుపెట్టింది. ఎన్నింటికి కొరుక్కున్నాడు, అంతకుముందు ఏం జరిగింది, ఆ తర్వాత ఎవరేం చేశారు. రెండు వారాల పేజీలు తిప్పితే ప్రతిసారీ టైము మూడు తర్వాతే, చూపు గేటు వైపే. రోజూ ఆ వేళకు వచ్చి వాణ్ని తీసుకెళ్లేది నాయనమ్మ. ఆమె చనిపోయి నాలుగు నెలలైంది. ఆ రోజు పిల్లాణ్ని పక్కింట్లో ఉంచారు. వానికేం తెలుస్తది అనుకున్నారు.

నాయనమ్మ ఇక రాదని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఉన్న వైకల్యం నీడలో కొత్త బాధ కనపడకుండా పోవడం ఇది. 1982లోనే అమెరికా పరిశోధకులు దీనికొక పేరు పెట్టారు. పిల్లాడు ఏడ్చినా, తల బాదుకున్నా, తిండి మానేసినా ఆ లెక్క అంతా సర్టిఫికెట్‌లోని పర్సంటేజీ ఖాతాలోకి పోతుంది. దిగులు, భయం, బెంగ వీళ్లకు తక్కువేం కాదు. బ్రిటన్ పిల్లల మీద 2007లో ఎమర్సన్, హాటన్ వెలువరించిన అధ్యయనం చూడండి. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల్లో 36 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, మిగతా పిల్లల్లో అది 8 శాతం. అంటే సాయం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లనే మనం లెక్కలోంచి తీసేస్తున్నాం.

డిస్లెక్సియా ఉన్న పిల్లల సంగతి ఇంకో రకం. వాళ్లకు మాటలొచ్చు, తెలివి ఉంటుంది, ఏం జరుగుతోందో అంతా అర్థమవుతుంది. ‘మొద్దు’ అన్నది మొదట టీచరు నోట, తర్వాత పక్క బెంచీలో, చివరికి ఇంట్లో వినపడుతుంది. లేచి పైకి చదవమంటారేమోనని పొద్దున్నే కడుపునొప్పి వచ్చేస్తుంది. ఆ నొప్పి నిజమైనదే. మనం దాన్ని బడి ఎగ్గొట్టే ఎత్తు అంటాం. ఈ అభ్యసన వైకల్యం 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచినప్పుడే, ఆటిజంతో పాటు దీనికీ చోటు దొరికింది.

కాగితం మీద చాలానే ఉంది. విశాఖలో కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఓ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలంది. ప్రత్యేక టీచర్ల విషయంలో 2021లోనే లెక్క చెప్పింది: ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పది మందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నొక్కితే తెలుగులోనే పలుకుతారు. మంచి సేవ, అందరూ వాడుకోవాల్సిన సేవ. కానీ మాటే రాని పిల్లాడు ఫోన్లో ఏం చెప్పుకుంటాడు? కౌన్సెలింగ్ అంటే ఎదురుగా కూర్చుని మాట్లాడించడమే అనుకుంటే ఈ పిల్లలు గుమ్మం దగ్గరే మిగిలిపోతారు. వీళ్లకు బొమ్మలు కావాలి, మట్టి కావాలి, ఆట కావాలి. వాళ్ల చేష్టను భాషగా చదవగల మనిషి కావాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఐఈపీ (వ్యక్తిగత విద్యా ప్రణాళిక) మీటింగ్ తెలుసు. 1975 నాటి చట్టంతో మొదలైన పద్ధతి అది. పిల్లవాడికి కౌన్సెలింగ్ అవసరమని ఆ ప్రణాళికలో రాస్తే, దాన్ని ఇప్పించే బాధ్యత బడిదే. వ్యక్తిగత ప్రణాళికలు మన దగ్గరా తయారవుతున్నాయి. నేను చూసిన వాటిలో చదవడం, రాయడం, లెక్కలు, బొత్తాలు పెట్టుకోవడం ఉన్నాయి. భయం గురించి, దిగులు గురించి ఒక్క గడి కూడా లేదు. ఆ గడి గీయండి. దాన్ని నింపడం భవిత టీచర్లకు నేర్పండి. వాళ్ల చేయి దాటిన కేసును పంపడానికి జిల్లాలో ఒక సైకాలజిస్టు ఉండాలి, ఆయన నెలకోసారైనా మండలానికి రావాలి. కాంట్రాక్టు జీతం మీద ఇన్ని పనులు మోస్తున్న ఆ టీచర్లను పర్మనెంటు చేయాలన్నది కూడా ఈ విషయంలో భాగమే. టీచరు మారిన ప్రతిసారీ ఆ పిల్లలకు మళ్లీ ఒక మనిషి దూరమవుతున్నట్టే.

ఆ టీచరమ్మ చెప్పాక అమ్మ కొడుకును దండ వేసిన ఫొటో ముందు కూర్చోబెట్టి నాయనమ్మ గురించి చెప్పింది, నాలుగైదు రోజులు వరసగా. ఇప్పుడు రోజూ పావు తక్కువ మూడుకు టీచరు వాడి చేతికి ఒక కార్డు ఇస్తుంది. దాని మీద అమ్మ ఫొటో ఉంటుంది. నేను వెళ్లిన రోజు వాడు ఆ కార్డు పట్టుకుని గేటు దాకా నడిచాడు. ఒకసారి కొరుక్కున్నాడు కూడా. టీచరు నోట్‌బుక్ తెరిచి టైము రాసుకుంది: 3.10.