లైమ్ వ్యాధి వచ్చిన పిల్లలకు స్కూల్లో ఏ సాయం అడగొచ్చు?

మొన్నటిదాకా లెక్కలు టకటకా చేసిన పిల్లాడు ఇప్పుడు చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నాడా? పొద్దున్నే లేవలేకపోతున్నాడా? మీరుండేది అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ వైపు అయితే, బద్ధకమని తిట్టే ముందు డాక్టరుకు చూపించండి.

లైమ్ వ్యాధి నల్లకాళ్ల పిడుదు కాటుతో వస్తుంది. మన ఊళ్లో గేదెలకు పట్టే పిడుదుల్లాంటిదే గానీ, లేత పిడుదు గసగసాల గింజంతే ఉంటుంది. కుట్టినట్టు కూడా తెలియదు. చర్మంపై ఎర్రని మచ్చ అందరిలోనూ కనిపించదు. మొదటి వారాల్లో రక్తపరీక్ష నెగెటివ్ రావచ్చు.

యాంటీబయాటిక్స్‌తో ఎక్కువమంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు. కొందరికి మాత్రం నీరసం, ఒళ్లునొప్పులు, మతిమరుపు, ఏకాగ్రత కుదరకపోవడం నెలల తరబడి ఉంటాయి. మందులు ఇంకా పొడిగించినా వీటికి ఫలితం లేదని పరిశోధనల్లో తేలింది. చిక్కేమిటంటే, సోమవారం చలాకీగా ఉన్న పిల్లాడు బుధవారం తల ఎత్తలేడు. టీచరుకు అది నటనలా కనిపిస్తుంది.

ఇక్కడే 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని సెక్షన్ 504 పనికొస్తుంది. పరీక్షకు అదనపు సమయం, తగ్గించిన హోంవర్క్, నర్సు గదిలో విశ్రాంతి, క్లాసు నోట్సు కాపీలు దీని కింద అడగొచ్చు. పాఠం చెప్పే తీరే మార్చాల్సి వస్తే ఐఈపీ కోరాలి. న్యూజెర్సీలో అయితే, వరుసగా 10 రోజులు గానీ, ఏడాదిలో మొత్తం 15 రోజులు గానీ బడికి వెళ్లలేరని డాక్టరు రాసిస్తే ఇంటి దగ్గరే బోధన అడగొచ్చు.

నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. తేదీ వేసి, ప్రిన్సిపాల్‌కు ఈమెయిల్ పంపండి. 'లైమ్ ఉంది' అన్న చీటీ ఒక్కటే చాలదు. ఎంతసేపు కూర్చోగలడు, ఎన్ని రోజులు బడి పోయింది, మార్కులు ఎప్పటి నుంచి పడిపోయాయి అన్నవి కావాలి. స్కూలు జరిపే మూల్యాంకనానికి ఫీజు ఉండదు.

వీసా ఏదైనా ఈ హక్కులు మారవు. తాతయ్యో అమ్మమ్మో కాదు, మీటింగులో మీకే ఇంగ్లిష్ ఇబ్బందైతే దుభాషిని ఏర్పాటు చేయమని అడగండి. 'స్పెషల్' ముద్ర పడుతుందేమో, రేపు కాలేజీ సీటు ఏమవుతుందో అన్న భయం చాలా ఇళ్లలో వింటాం. కాలేజీలకు పంపే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఈ వివరాలు రాయకూడదు.

స్కూలు కాదంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమనండి. 504 విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. దీనికి లాయరు అక్కర్లేదు.