గ్రహాలు వదిలి గద్దెల చుట్టూ

పల్నాటి కథ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కోడిపందెం. ఆ తర్వాత నాగమ్మ ఎత్తులు, బ్రహ్మనాయుడి పంతం, అలరాజు రాయబారం, బాలచంద్రుడి యుద్ధం. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి నాగమ్మ పాత్ర వేసిన ‘పల్నాటి యుద్ధం’ సినిమాలు రెండూ ఈ వరసనే జనం మనసులో స్థిరపరిచాయి. కానీ ఆ కథ మొదలయ్యేది సభలో కాదు, ప్రయాణంలో. ఉత్తరాది నుంచి తీర్థయాత్ర చేస్తూ వచ్చిన అనుగురాజు చందవోలు రాజు కూతురు మైలమాదేవిని పెళ్లాడి, పల్నాటిని అరణంగా పుచ్చుకుని, తనది కాని నేల మీద కాలు పెట్టడంతో మొదలవుతుంది. మధ్యలో ఇంకో పెద్ద ప్రయాణం ఉంది. కోడిపందెంలో ఓడిన మలిదేవుల పక్షం, అంటే బ్రహ్మనాయుడి పక్షం, మాచర్ల వదిలి ఏడేళ్లు వలస పోతుంది. మందలతో మండాది చేరుతుంది, అక్కడా నిలవలేక త్రిపురాంతకం దగ్గరి మేడపికి తరలుతుంది. ఏడేళ్లంటే ఒక తరం పిల్లలు పెద్దవాళ్లయ్యేంత కాలం. ఆ అడవిలో ఏం తిన్నారు, ఎవరితో కలిశారు, ఏ కట్టుబాట్లు మార్చుకున్నారు అన్నది మనకు చెప్పేవాళ్లు తక్కువ. గురజాల కొలువులో ఎవరు ఎవరి చెవిలో ఏం ఊదారో చెప్పేవాళ్లు మాత్రం కొల్లలు.

అచ్చంగా ఇదే ఫిర్యాదు ఇప్పుడు సైన్స్ ఫిక్షన్ పాఠకుల నుంచి వినిపిస్తోంది. పేరున్న సినిమాకో టీవీ సీరియల్‌కో అనుబంధంగా, అవే పాత్రలతో, అదే లోకంలో నడిచే నవలలు అమెరికాలో పెద్ద వ్యాపారం. మన దగ్గర ముళ్లపూడి వెంకటరమణ వంటి వారు రాసిన వెండితెర నవలలకు ఇవి దూరపు చుట్టాలు. మన వెండితెర నవల సినిమా కథనే తిరిగి చెప్పి ఊరుకుంటుంది. ఇవి సినిమా ఆగిన చోటు నుంచి ముందుకు సాగుతాయి. వీటిలో ‘స్టార్ ట్రెక్’ది పెద్ద పీట. 1966లో మొదలైన ఆ సీరియల్ పుట్టిందే తెలియని లోకాల్ని వెతుక్కుంటూ పోయే ఓడ కథగా. అలాంటిది 2005లో వచ్చిన ఒక నవల మొత్తం ఆ కథాలోకపు గ్రహాల సమాఖ్యకు అధ్యక్షురాలైన మహిళ కార్యాలయంలోనే నడిచింది. 2010 నుంచి వచ్చిన ‘టైఫన్ పాక్ట్’ వరసకు ఆధారం ఆరు శత్రు రాజ్యాల కూటమి. 2013లో అయిదు పుస్తకాలుగా వచ్చిన ‘ది ఫాల్’ ఆ అధ్యక్షురాలి హత్యతో ఆరంభమైంది. అంతరిక్ష నౌకలు ఉన్నాయి, నక్షత్రాలు ఉన్నాయి. కానీ చదువుతుంటే ఢిల్లీ రాజకీయాల మీద నడిచే వారపత్రిక కథనంలా ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుంది? రాజకీయమంటే పాఠకుడికి మోజు కాబట్టి అనేది సులువుగా దొరికే జవాబు. అది కొంతవరకే నిజం. అనుబంధ నవల రాసేవాడి పరిస్థితి ఎరువు తెచ్చుకున్న ఎడ్లతో దున్నేవాడిలాంటిది: సాయంత్రానికి వాటిని ఒంటి మీద గీత పడకుండా తిరిగి కట్టెయ్యాలి. పాత్రల హక్కులు ఇంకొకరివి. నాయకుణ్ని చంపకూడదు, సినిమాలో చెప్పినదాన్ని కాదనకూడదు. ఇన్ని కట్టడుల మధ్య తేలిగ్గా రాయగలిగేది పాత ముఖాల మధ్య కొత్త కుట్ర. అయితే ఈ వివరణ ఒక్కటే చాలదు. 2002లో వచ్చిన సినిమా తర్వాత, 2005లో టీవీ సీరియల్ ఆగిపోయాక, స్టార్ ట్రెక్ నవలలకు చాలా ఏళ్లు పట్టపగ్గాల్లేవు. కాదనే సీరియల్ లేదు, అడ్డం వచ్చే సినిమా లేదు. ఆ స్వేచ్ఛ దొరికాకే అవి మరీ రాజకీయంలో కూరుకుపోయాయి. కాబట్టి అసలు కారణం ఇంకెక్కడో ఉంది.

నా లెక్కలో ఆ కారణం పర్యవసానం. విడివిడి పుస్తకాలుగా ఉన్నంతకాలం ఒక్కో నవల ఒక్కో గ్రహం చూసి రావచ్చు. అన్నీ ఒకే గొలుసుగా మారాక, ఈ పుస్తకంలో జరిగింది తర్వాతి పుస్తకంలో పనికి రావాలి. కొత్తగా కనిపెట్టిన గ్రహం ఆఖరి పేజీతో వెనకబడిపోతుంది. ఓడ కదిలిపోతుంది, ఆ గ్రహం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు. హత్యకు గురైన అధ్యక్షురాలి సంగతి అలా కాదు. ఆ స్థానంలో ఎవరు, నేరం ఎవరిది, ప్రతీకారం ఎవరి మీద అంటూ అయిదు పుస్తకాలు వాటంతట అవే అల్లుకుంటాయి. పల్నాటి కథలోనూ జరిగింది ఇదే. కోడిపందెం వలసకు దారి తీసింది, వలస రాయబారానికి, రాయబారం యుద్ధానికి. వలసలోని ఏడేళ్ల బతుకు మాత్రం ఆ గొలుసులో కొక్కెం తగలని ముక్క. అందుకే చెప్పేవాళ్లు దాన్ని దాటేస్తారు.

ఈ మాట సరైందో కాదో తేల్చుకోవడానికి స్టార్ ట్రెక్‌లోనే ‘టైటన్’ నవలల కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. ఎవరూ చూడని ప్రాంతాలకు పంపడానికే కట్టిన ఓడ టైటన్. సిబ్బంది 350 మంది, అందులో మనుషులు 15 శాతం కూడా లేరు. మిగతావాళ్లంతా రకరకాల గ్రహాల జీవులు. 2005లో వచ్చిన మొదటి నవల ‘టేకింగ్ వింగ్’లో ఆ ఓడ బయల్దేరబోతుండగానే ఆజ్ఞ మారుతుంది. పాలకుల హత్యతో అల్లకల్లోలమైన రోములన్ సామ్రాజ్యానికి వెళ్లి వర్గాల మధ్య రాజీ కుదర్చమంటారు. అన్వేషణ నౌక తొలి ప్రయాణమే పంచాయితీకి! అదే వరసలో మూడోది, 2006 నాటి ‘ఓరియన్స్ హౌండ్స్’, క్రిస్టఫర్ బెన్నెట్ రాసింది. అందులో అంతరిక్షంలోనే ఈదుతూ బతికే బ్రహ్మాండమైన జీవులు ఎదురవుతాయి. వాటిని వేటాడి, ఆ కళేబరాలనే ఓడలుగా మలుచుకునే జాతి ఒకటి ఉంటుంది. టైటన్ సిబ్బంది జాలిపడి, వేట నుంచి తప్పించుకునే దారి ఆ జీవులకు తెలిసేలా చేస్తారు. తీరా చూస్తే ఆ వేటే అక్కడి సమతూకాన్ని కాపాడుతోందనీ, వేట ఆగితే చుట్టుపక్కల జనం ఉన్న గ్రహాలకే ముప్పనీ బయటపడుతుంది. అప్పుడు మొదలవుతాయి బేరాలు, పొత్తులు, వాదాలు. అందులోనూ రాజకీయం నిండుగా ఉంది. కాకపోతే అది కొత్తగా తెలిసిన సంగతి లోంచి పుట్టింది. ఆ జీవుల్ని తీసేస్తే ఆ రాజకీయమే లేదు. మొదటి నవలలో రోములన్ల పేరు మార్చి ఏ పాత సామ్రాజ్యం పేరు పెట్టినా కథ ఒక్క అడుగు కూడా పక్కకు పోదు.

దీనికి వచ్చే అభ్యంతరం బలమైనదే. సైన్స్ ఫిక్షన్ ఏనాడు రాజకీయం కానిది? 1991 నాటి స్టార్ ట్రెక్ సినిమా ప్రచ్ఛన్న యుద్ధపు ముగింపు గురించే కదా. కొత్త లోకాన్ని చూపించడమంటేనే అక్కడ అధికారం ఎవరి చేతిలో ఉందో చూపించడం కదా? నిజమే. నా పేచీ రాజకీయంతో కాదు, ఏ లోకంలోనైనా ఒకేలా ఉండే రాజకీయంతో. మన బాహుబలిని తీసుకోండి. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 నుంచి 2017 దాకా దేశాన్ని ఊపింది కాబట్టి, 2017లో ఆనంద్ నీలకంఠన్ రాసిన ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ అంతఃపుర కుట్రలతో నిండిపోవడంలో వింత లేదు. అది సైన్స్ ఫిక్షన్ కాదు, జానపదం. అయినా అందులో ఒక చక్కటి శాస్త్ర విత్తనం ఉంది. మాహిష్మతి బలానికి మూలం గౌరీపర్వతం నుంచి వచ్చే గౌరీకాంత రాళ్లు, వాటితో రహస్యంగా తయారు చేసే ఆయుధాలు. ఆ రాయి ఎలా దొరుకుతుంది, ఎలా కరుగుతుంది, తవ్వేవాళ్ల గతేమిటి అన్నదాని మీదే ఒక నవల నడపొచ్చు. పుస్తకంలో అది ముఖ్యంగా ఒకరి మీద ఒకరు వాడుకునే రహస్యంగా మిగిలింది. నాకైతే ఇది అవకాశం చేజార్చుకోవడమే అనిపిస్తుంది.

పాఠకులే అడ్డు, వాళ్లకు కుట్రలే కావాలి అనేవాళ్లకు కారంపూడిలో ఒక జవాబు ఉంది. ఏటా కార్తీక అమావాస్య నుంచి అక్కడ జరిగే వీరారాధన అయిదు రోజుల పేర్లు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. రాయబారానికీ కోడిపందేనికీ ఉన్నట్టే, వలసలో మందల కోసం జరిగిన పోరుకూ అక్కడ సొంతంగా ఒక రోజు ఉంది. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడునూ అదే ఉత్సవంలో ఇప్పటికీ పెడతారు. పల్నాటి కథలో నిజంగా కొత్త లోకం అంటూ ఉంటే అది ఆ పంక్తి భోజనమే. పగలకు అది ఎంత ఆజ్యం పోసిందో వేరే చెప్పాలా? కొలువు కుట్రలకే జనం వస్తారనుకుంటే మందపోరు రోజు కారంపూడి ఖాళీగా ఉండాలి. ఉండదు.

మన దగ్గర ఈ తరహా లోకాలు ఇప్పుడిప్పుడే కట్టుకుంటున్నారు. 1991లో ‘ఆదిత్య 369’ రాయల కాలానికీ 2504కూ పోయి వచ్చింది గానీ దాని చుట్టూ పుస్తకాలు అల్లుకోలేదు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ విడుదలకు ముందే ‘బుజ్జి అండ్ భైరవ’ అనే యానిమేషన్ కథ వచ్చింది. కాశీ, కాంప్లెక్స్, శంబల అని మూడు చోట్లు, గంగ ఎండిపోయిన ఆఖరి నగరం: నవలలకు ఇంతకంటే సారవంతమైన నేల దొరకదు. రేపు ఆ లోకం మీద ఎవరైనా నవలలు రాయబోతే, కాంప్లెక్స్ గద్దె మీద ఎవరున్నారనే దగ్గర కథ ఎత్తుకోవద్దని నా మనవి. గంగ లేని కాశీలో తాగే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు రాయండి, గద్దె రాజకీయం దాని వెనకే వస్తుంది.