మెదడు గాయపడినవారు మరల పనిలోనికి: వృత్తి సలహాదారుకు కావలసిన శిక్షణ

కాలు విరిగిన ఉద్యోగి కర్ర ఊతతో కార్యాలయానికి వస్తే తోటివారు లేచి కుర్చీ చూపుతారు. తలకు దెబ్బ తగిలి, నెలల తరబడి చికిత్స పొంది, పైకి ఏ లోపమూ కనిపించకుండా తిరిగివచ్చిన వానికి ఆ మర్యాద దక్కదు. చెప్పిన పని మరచిపోతాడు, మధ్యాహ్నానికే అలసిపోతాడు, చిన్న మాటకు మండిపడతాడు. సోమరి అయినాడని పై అధికారి, మనిషే మారిపోయినాడని ఇంటివారు అనుకొంటారు. తెలుగులో 'మతిమరుపు' అనగానే హాస్యం స్ఫురిస్తుంది గాని, ఇక్కడ దాని మూల్యం ఒక కుటుంబపు జీవనాధారం.

2022లో మన దేశపు రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా 4,43,366 మంది గాయపడినారు. మృతులలో దాదాపు మూడింట రెండు వంతుల మంది 18-45 ఏండ్ల మధ్యవారు, అనగా సంపాదించే వయస్సువారు. బ్రతికి బయటపడిన వారిలో తలకు గాయమైనవారికి శస్త్రచికిత్స ఎంత అవసరమో, ఆ తరువాత పని చూపగల మనిషి కూడ అంత అవసరం.

ఈ ఆలోచన కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే కుర్ట్ గోల్డ్‌స్టైన్ అనే నాడీవైద్యుడు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో మెదడు దెబ్బతిన్న సైనికులకై ఒక సంస్థను నెలకొల్పి, వైద్యంతోపాటు వారి పనిసామర్థ్యాన్ని కూడ పరిశీలించినాడు.

సలహాదారు మొదట నేర్వవలసినది కాగితపు పరీక్షను అతిగా నమ్మకుండుట. టిమ్ షాలిస్, పాల్ బర్జెస్ అనే బ్రిటిష్ పరిశోధకులు 1991లో ప్రకటించిన అధ్యయనం ఇందుకు మంచి నిదర్శనం. మెదడు ముందుభాగం గాయపడిన ముగ్గురు రోగులు బుద్ధిపరీక్షలలో చక్కగా నెగ్గినారు. కాని వారిని అంగళ్ల వీధికి పంపి, కొన్ని నియమాలకు లోబడి చిన్న చిన్న పనులు ముగించుకొని రమ్మంటే తడబడినారు. నిశ్శబ్దమైన గదిలో పరీక్షకుడే క్రమం నిర్ణయిస్తాడు. బజారులో ఎవరి క్రమం వారే నిర్ణయించుకోవలె. గాయం దెబ్బతీసినది ఆ రెండవ శక్తినే.

కనుక శిక్షణలో ప్రధాన భాగం పని జరిగేచోటనే సాగవలె. ఒక గిడ్డంగి గుమాస్తాను ఊహించండి. అతడు చిట్టా వ్రాయగలడు, కూడికలు తప్పడు. కాని వ్రాస్తుండగా టెలిఫోను మ్రోగితే ఎక్కడ ఆపినాడో మరచిపోతాడు. "గుమాస్తా పనికి తగడు" అని వ్రాయడం సులభం. శిక్షణ పొందిన సలహాదారు ఆ ఉద్యోగాన్ని చిన్న చిన్న అంశాలుగా విడదీసి చూస్తాడు. టెలిఫోనును మరొక బల్లకు మార్పిస్తాడు. ముగిసిన ప్రతి పద్దుకు గుర్తు పెట్టే అలవాటు చేయిస్తాడు. కష్టమైన పని ఉదయమే ఉంచి, మొదట రోజుకు రెండు మూడు గంటలతో ప్రారంభింపజేస్తాడు.

అమెరికాలోని వర్జీనియాలో పాల్ వేమన్ బృందం 1980ల నుండి ఈ మార్గాన్నే అనుసరించింది. ముందు శిక్షణ, పిదప ఉద్యోగం అనే పాత క్రమాన్ని తిరగవేసి, ముందు ఉద్యోగంలో చేర్చి అక్కడనే సహాయకుడు ప్రక్కన నిలిచి నేర్పించే పద్ధతి ఇది. ఒకచోట నేర్చినదాన్ని మరొకచోట ప్రయోగించడమే గాయపడిన మెదడుకు కష్టం గనుక ఇది యుక్తంగా ఉన్నది.

తన లోపం తనకే తెలియని రోగి మరొక చిక్కు. అది మొండితనం కాదు, గాయ లక్షణమే. అతనితో వాదించి ప్రయోజనం లేదు. ఈ పనికి ఎంతసేపు పట్టునని ముందే అడిగి వ్రాయించి, పని ముగిసిన పిదప పోల్చి చూపించడం మేలు.

మన దేశంలో 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం వృత్తి సలహాదారులను పునరావాస నిపుణులలో చేర్చింది. 1968లో బొంబాయి, హైదరాబాదులలో మొదలైన వృత్తి పునరావాస కేంద్రాల అనుభవమూ మనకు కలదు. అయితే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో మెదడు గాయం విడిగా లేదు. పక్షవాతం మిగిలితే ఒక వర్గం, మాట పోతే మరొకటి. జ్ఞాపకశక్తి మాత్రమే దెబ్బతింటే మానసిక అనారోగ్యపు నిర్వచనాన్ని ఆశ్రయించవలసి ఉంటుంది. ఆ పేరు విని ధ్రువపత్రమే వద్దనుకొనే కుటుంబాలు ఉండవచ్చు. అన్నింటి కంటె ముందు వారికి తెలుపవలసినది అదే చట్టంలోని 20వ విభాగం. ఉద్యోగకాలంలో వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పనికి తగనిచో అదే వేతనంపై మరొక పోస్టుకు మార్చవలె, అదీ లేనిచో అదనపు పోస్టులో ఉంచవలె. రాజీనామా పత్రంపై సంతకం పడకముందే సలహాదారు ఆ ఇంటికి చేరవలసి ఉన్నది.