తెర వెనుక ఆరుగురు

పిల్లలూ, మీలో తోలుబొమ్మలాట చూసినవాళ్ళు ఎందరు? తెర మీద రాముడు నడుస్తాడు, హనుమంతుడు ఎగురుతాడు, జుట్టుపోలిగాడూ బంగారక్కా పోట్లాడుకుని మనల్ని నవ్విస్తారు. తెర వెనక్కి వెళ్ళి చూస్తే బొమ్మలు ఆడించేవాళ్ళు కొందరు, పాడేవాళ్ళు కొందరు, మద్దెల వాయించేవాడు ఒకడు కనిపిస్తారు. వాళ్ళలో ఏ ఒక్కరు ఏమరినా ఆట రసాభాస అవుతుంది.

మీ ఇంట్లో ఉన్న ఫోను కూడా ఒక తెరే. దాని మీద పెద్దవాళ్ళు రైలు టిక్కెట్లు కొంటారు, మీ పరీక్ష ఫలితాలు చూస్తారు, పండక్కి చీరలు ఎంచుకుంటారు. ఆ పేజీలు వాటంతట అవి పుట్టవు గదా! వాటి వెనుక కూడా మనుషులున్నారు. వాళ్ళు ఎవరో, ఎలా పనిచేస్తారో ఈ నెల తెలుసుకుందాం.

ఈ పేజీలన్నిటికీ మూలమైన వెబ్ అనే ఏర్పాటును టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన 1989లో ప్రతిపాదించాడు. అప్పుడాయన జెనీవా నగరం దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాడు. 1991లో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ మీదట దుకాణాలకూ, బళ్ళకూ, ఆసుపత్రులకూ వెబ్‌సైట్లు కావలసివచ్చాయి. వాటిని సొంతంగా తయారుచేసుకునే నేర్పు అందరికీ ఉండదు. ఇల్లు కట్టించదలచినవాడు మేస్త్రీ దగ్గరికి వెళ్ళినట్టే, వెబ్‌సైటు కావలసినవారు దాన్ని తయారుచేసేవారి దగ్గరికి వెళతారు. వెబ్‌సైట్లూ, యాప్‌లూ, ఫోనులో కనిపించే ప్రకటనలూ ఇతరుల కోసం తయారుచేసి ఇచ్చే ఇటువంటి సంస్థను డిజిటల్ ఏజెన్సీ అంటారు.

విజయవాడలో అటువంటి చిన్న సంస్థ ఒకటి ఉన్నది. దాన్ని నడిపే అమ్మాయి ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి చదివింది. "మేష్టారూ, మా పని ఒకసారి చూసిపోండి," అని ఆమె పిలిస్తే వెళ్ళి, నాలుగు రోజులు అక్కడే కూచుని చూశాను. మీరు కూడా నాతో రండి.

అది ఒక మేడ మీది వాటా. చెప్పులు గుమ్మం బయట విడవాలి. లోపల రెండు గదులు, ఆరు బల్లలు, ఆరు కంప్యూటర్లు. వెనుక చిన్న వంటగది ఉన్నది. దాని గోడకు టీ పెట్టే వంతుల పట్టిక అతికించారు. అందులో అందరికన్న చిన్నవాడి పేరు సోమవారానికీ, సంస్థ నడిపే అమ్మాయి పేరు మంగళవారానికీ ఉన్నది. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పి ఒకే చాప మీద భోజనం చేస్తారు. ఆ అరగంటలో పని మాట ఎత్తకూడదు. ఎత్తినవారు డబ్బాలో పది రూపాయలు వేయాలి. నెలాఖరుకు ఆ డబ్బుతో మిఠాయి వస్తుంది. నేనున్న నాలుగు రోజుల్లోనే డబ్బాలో నలభై రూపాయలు పడ్డాయి!

ఆ ఆరుగురిలో ఒకరు వచ్చినవారితో మాట్లాడి, వారికి ఏం కావాలో తెలుసుకుని, పనులు పంచుతారు. సంస్థ నడిపే అమ్మాయి పని అదే. ఒకరు పేజీ ఎలా కనిపించాలో బొమ్మ గీస్తారు. ఆయన్ను డిజైనరు అంటారు. ఒకరు మాటలు రాస్తారు. ఇద్దరు కంప్యూటరుకు అర్థమయ్యే భాషలో ప్రోగ్రాము రాస్తారు. మిగిలిన ఒకరు తయారైనదాన్ని పరీక్షించి తప్పులు పడతారు. ఆవిడ టెస్టరు.

ఆరుగురేనా, పన్నెండుమంది ఉంటే పని రెండింతలు త్వరగా కాదా అని మీకు అనిపించవచ్చు. పలక తీసుకుని ఒక లెక్క చేయండి. ఆరు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగిలిన అన్ని చుక్కలతో గీతలు గీసి కలపండి. 15 గీతలు వస్తాయి. అంటే ఆరుగురు ఒకరి సంగతి ఒకరు తెలుసుకోవడానికి 15 జతలు మాట్లాడుకోవాలి. పన్నెండు చుక్కలకు ఎన్ని గీతలు? 30 కాదు, 66! మనుషులు రెండింతలైతే మాటలు నాలుగింతలు దాటాయి. అమెరికాలో ఐ.బి.యం. కంపెనీలో ఒక పెద్ద ప్రోగ్రాము తయారీని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ ఈ సంగతిని 1975లో ఒక పుస్తకంలో వివరించాడు. ఆలస్యమైన పనిలోకి కొత్తవాళ్ళను దింపితే, వాళ్ళకు నేర్పడంతోనే పొద్దుపోయి, పని ఇంకా ఆలస్యమవుతుందని ఆయన హెచ్చరించాడు.

అయితే ఆరుగురున్నా ఆ 15 గీతలూ తెగకుండా చూసుకోవాలి. అందుచేత ఉదయం పది గంటలకు అందరూ గోడ దగ్గర గుండ్రంగా నిలబడతారు. కూచుంటే మాటలు సాగుతాయి గనక నిలబడే మాట్లాడతారు. పావుగంటలో ముగించాలి. ప్రతివారూ మూడు సంగతులు చెప్పాలి: నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఎక్కడ చిక్కుపడ్డాను. మూడోది అన్నిటికన్న ముఖ్యం. చిక్కు చెప్పినవాడికి వెంటనే ఎవరో ఒకరు, "టీ అయాక కూచుందాం, నేను చూస్తాను," అంటారు.

ఆ గోడ మీదే ఒక పెద్ద పలక ఉన్నది. దాని మీద మూడు గళ్ళు: చేయవలసినవి, చేస్తున్నవి, అయినవి. ఒక్కొక్క పనినీ ఒక్కొక్క రంగుకాగితం మీద రాసి గడిలో అతికిస్తారు. పని సాగినకొద్దీ కాగితం జరుగుతుంది. దీన్ని కాన్‌బాన్ అంటారు. జపాను భాషలో ఆ మాటకు సూచన పలక అని అర్థం. టయోటా కార్ల కర్మాగారంలో తైచీ ఓనో అనే ఇంజనీరు వాడుకలోకి తెచ్చిన పద్ధతి అది. కార్ల కోసం పుట్టినది చీరల వెబ్‌సైటుకు కూడా పనికివచ్చింది!

చీరలంటే గుర్తొచ్చింది. నేను వెళ్ళినప్పుడు వాళ్ళు మంగళగిరి చీరలు నేసే ఒక సంఘానికి వెబ్‌సైటు తయారుచేసి, దసరా అమ్మకాలకు మెరుగులు దిద్దుతున్నారు. అక్కడ తెలుగుతో ఒక చిత్రమైన చిక్కు చూశాను. "లక్ష్మి" అని రాయండి. మనకు అది రెండక్షరాలు. కంప్యూటరుకు ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ కలిపి అది అక్షరాలు కడుతుంది. కింద వత్తులు, పైన గుడి. ఇంగ్లీషు అక్షరాలకు ఇన్ని అంతస్తులు లేవు. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంతో వరుసలు పేరిస్తే మన వత్తులు కింది వరుసకు తగులుతాయి, ఒక్కొక్కసారి తెగిపోతాయి కూడా. డిజైనరు ఒక పూటంతా కూచుని ఆ ఎడం సరిచేశాడు.

టెస్టరమ్మ అంతటితో ఊరుకోలేదు. లేత పసుపు మీద తెల్లని అక్షరాలు చూసి, "మా అమ్మమ్మ దీన్ని చదవలేదు," అన్నది. వెబ్‌కు ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ త్రీ సి అనే సంస్థ ఇందుకు ఒక కొలత పెట్టింది. మామూలు అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5కు 1 ఉండాలి. కొలిచి చూస్తే అంత లేదు. రంగు మార్చారు.

ప్రోగ్రాములోని తప్పును "బగ్" అంటారు. ఆ మాటకు పురుగు అని అర్థం. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయంవారి మార్క్-2 కంప్యూటరు సరిగా పనిచేయక, విప్పి చూస్తే లోపల నిజంగానే ఒక రెక్కలపురుగు దొరికింది! దాన్ని దినచర్య పుస్తకంలో అతికించి, పురుగు దొరికిందని పక్కన రాశారు. యంత్రంలో దోషాన్ని బగ్ అనడం అంతకుముందే ఉన్నది గనక వాళ్ళకది మంచి హాస్యమైంది. ఆ పుస్తకం పురుగుతో సహా ఇప్పటికీ అమెరికాలో, స్మిత్సోనియన్ సంస్థవారి మ్యూజియంలో ఉన్నది.

ఇక అసలు సంగతి వినండి. నేనున్న మూడో రోజు సాయంత్రం, ప్రోగ్రాము రాసేవారిలో చిన్నవాడు ఒక చిన్న మార్పు చేశాడు. ఇది అతని మొదటి ఉద్యోగం. చీర ధర 3450 అని ఉంటే చదవడానికి ఇబ్బందిగా ఉన్నదని, మధ్య కామా పెట్టి 3,450 చేశాడు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు చదివిగాని పైకి పంపకూడదని అక్కడ నియమం. రెండోవాడు చదివాడు. బాగున్నది అన్నాడు. ఇంత చిన్న మార్పుకు మళ్ళీ పరీక్ష ఎందుకులెమ్మని పైకి పంపారు.

రాత్రి తొమ్మిదింటికి అతను ఇంట్లో తన తల్లికి ఆ వెబ్‌సైటు చూపిస్తూ, ఒక చీర ఎంచి బిల్లు వేశాడు. బిల్లు మూడు రూపాయలు!

ఏమైందో ఊహించగలరా? బిల్లు వేసే ప్రోగ్రాము ధరను ఎడమనుంచి ఒక్కొక్క అంకెగా చదువుతుంది. అంకె కానిది ఎదురైతే అక్కడితో ఆగిపోతుంది. 3 చదివింది, కామా వచ్చింది, ఆగింది. మిగిలిన 450 దానికి కనిపించనే లేదు.

ఆ సమయంలో ఆ తప్పు ఈ లోకంలో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. కామా తీసేసి చప్పుడు చేయకుండా పడుకోవచ్చు. ఉద్యోగం పోతుందేమోనని భయం కూడా వేసిందట. అయినా అతను వెంటనే ఫోను తీసి, "అక్కా, నావల్ల తప్పు జరిగింది. చీరలు మూడు రూపాయలకు పోతున్నాయి," అని చెప్పేశాడు.

ఆమె, "ఎలా చేశావు?" అనలేదు. "ఇప్పటికి ఎన్ని పోయాయి?" అని మాత్రం అడిగింది. పదకొండు. ప్రోగ్రాములో చేసిన ప్రతి మార్పునూ వరసగా దాచిపెట్టే గిట్ అనే సాధనం ఒకటున్నది. లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని 2005లో తయారుచేశాడు. దాని సాయంతో పది నిమిషాల్లో సాయంత్రానికి ముందున్న ప్రోగ్రామును తిరిగి నిలబెట్టారు. తరువాత ఆమె సంఘం అధ్యక్షుడికి తానే ఫోను చేసి సంగతి చెప్పింది. కొన్న పదకొండుమందికీ ఫోన్లు చేసి, క్షమించమని అడిగి, వాళ్ళ డబ్బు తిరిగి పంపారు. అతను పడుకుని ఉంటే తెల్లవారేసరికి ఎన్ని చీరలు పోయేవో! నేతగాళ్ళ రెక్కల కష్టం అది.

మర్నాడు పది గంటలకు అందరూ గోడ దగ్గర నిలబడ్డారు. నేనూ ఒక పక్క నిలబడ్డాను. పలక మీద ఎవరి పేరూ రాయలేదు. "ఈ తప్పు మనందరినీ దాటుకుని ఎలా పోయింది?" అని మాత్రం రాశారు. చదివినవాడు ధర కనిపించే తీరు చూశాడు గాని బిల్లు చూడలేదు. టెస్టరు వద్దకు అది రానే లేదు. కారణాలు తేలాక రెండు నిర్ణయాలు చేశారు. మార్పు ఎంత చిన్నదైనా పరీక్ష తప్పదు. ఇకమీదట ఏ మార్పు చేసినా, పైకి పోయేముందు కంప్యూటరే కొన్ని చీరలకు బిల్లు వేసి సరిచూసుకోవాలి. ఆ పరీక్ష రాసే పని చిన్నవాడికే ఇచ్చారు. సాయంత్రానికి రాసేశాడు. దానికి "మూడు రూపాయల చీర" అని పేరు పెట్టారు. పేరు పరీక్షకు పెట్టారు గాని కుర్రవాడికి పెట్టలేదు, గమనించారా?

పెద్ద సంస్థల్లోనూ ఇటువంటివి జరుగుతాయి. ప్రోగ్రాములను భద్రపరిచే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు, ఒక కంప్యూటరులో తుడవవలసిన సమాచారాన్ని పొరపాటున అసలు కంప్యూటరులో తుడిచివేశాడు. గ్రహించి ఆపేలోగా సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలింది. నకళ్ళు తీసే ఏర్పాట్లు చూడబోతే అవి కూడా సరిగా పనిచేయడం లేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన నకలు ఒకటి దొరికింది. ఆ సంస్థవారు తప్పును దాచలేదు. బాగుచేస్తున్నంతసేపూ ఏం చేస్తున్నదీ లోకానికి తెలియజేశారు. తరువాత కారణాలన్నీ రాసి ప్రకటించారు. అందులో ఆ ఇంజనీరు పేరు లేదు.

తప్పు చేసినా ఫరవాలేదని ఎవరూ అనుకోవద్దు. కొన్నవారికి ఫోన్లు చేస్తున్నప్పుడు ఆ కుర్రవాడి ముఖం ఎలా ఉన్నదో టెస్టరమ్మ నాకు చెప్పింది. తప్పు చెబితే తిట్లు తప్పవనుకున్న చోట పిల్లలు నోట్‌బుక్కులు దాచుకుంటారు. దాచిన తప్పును ఏ మేష్టరూ దిద్దలేడు. చెప్పిన తప్పును పదిమంది కలిసి దిద్దవచ్చు.

మీ తరగతిలో గోడపత్రిక తయారుచేయబోతే ఈసారి ఇలా చేసి చూడండి. ఆరుగురు చేరండి. ఒకరు పనులు పంచండి, ఒకరు బొమ్మలు వేయండి, ఇద్దరు రాయండి, ఒకరు అందంగా నకలు తీయండి, ఒకరు తప్పులు పట్టండి. నల్లబల్ల మీద మూడు గళ్ళు గీయండి. రోజూ ప్రార్థన కాగానే గుండ్రంగా నిలబడి మూడు సంగతులు చెప్పుకోండి. మూడోది చెప్పడానికి ఎవరైనా తటపటాయిస్తే నవ్వకండి, ఆగి వినండి. పత్రిక పూర్తయ్యాక, అందులో ఎన్ని తప్పులు ముందే బయటపడ్డాయో లెక్కపెట్టి నాకు రాయండి.