ఆడపిల్ల చదువు ఆగు చోటు



1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల నెలకొల్పిన నాడు, ఆడపిల్లకు అక్షరములు నేర్పుటయే వివాదమునకు విషయము. ఆ వివాదము ముగిసినది. నేడు మన పల్లెలలో బాలిక బడిలో చేరుట వింత గాదు. ఇప్పటి చిక్కు ఎనిమిదవ తరగతి దాటిన పిదప వచ్చు మలుపునందున్నది.

చట్టములను చూడుడు. 1929 నాటి శారదా చట్టము బాలికలకు వివాహవయస్సు 14 ఏండ్లని నిర్ణయించెను. 1978లో అది 18 ఆయెను. 2010 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వఱకే ఉచిత నిర్బంధ విద్య నిచ్చుచున్నది. నడుమ నాలుగేండ్లు మిగిలినవి. పెండ్లి చేయరాదు, బడికి పంపి తీరవలెనను నిర్బంధమును లేదు. పిల్లలు జారిపోవుచున్నది ఈ సందులోనే.

ఒక పిల్ల చదువు ఒక్కనాటి నిర్ణయముచే ఆగునని తలపకుడు. గుంటూరు సీమలో మిరపకాయల కోత మాఘ ఫాల్గునములందు. పదవ తరగతి పరీక్షయు మార్చి నెలలోనే. గద్వాల, కర్నూలు ప్రాంతములలో సంకర ప్రత్తివిత్తనపు చేలయందు పూలకు పుప్పొడి యంటించు పనికి, చిన్నవ్రేళ్లు నేర్పు గలవని, బాలికలనే కోరుచు వచ్చిరి. "నాలుగు దినములే గదా అయ్యవారూ, పని కాగానే పంపుతాము" అని తల్లి వేడుకొనును. ఆమె అబద్ధమాడదు. పిల్ల తిరిగి వచ్చును. కాని ఆ నడుమ బీజగణితమున రెండధ్యాయములు గడచియుండును. పిల్ల వెనుక బల్లపై కూర్చుండును, అడిగినను మాటాడదు, పరీక్ష తప్పును. అంతట ఇంటివారు "దీనికి చదువు అబ్బలేదు" అని తీర్మానింతురు. హాజరుపట్టీని వెనుకకు త్రిప్పి చూచినచో అసలు కథ తెలియును. చూచువారెవరు?

ఉపాధ్యాయులమైన మేమును నిర్దోషులము గాము. నెలల తరబడి రాని పిల్లల పేర్లు ఎఱ్ఱసిరాతో కొట్టివేసిన చేయి నాదియును. అందొక పిల్ల యిల్లు బడికి రెండు వీథుల దూరమే. నేను పోయి యడుగలేదు.

ఇక తక్కిన యడ్డంకులు మీ రెఱిగినవే: చంటితమ్ముని కాపు, పొరుగూరి ఉన్నతపాఠశాలకు ఒంటరి దారి, ఈడేరిన పిల్లకు నీళ్లును తలుపును లేని మరుగుదొడ్డి. దారిని గూర్చి తల్లి భయపడుటను మూఢత్వమనుట నాకు సమ్మతము గాదు. 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు వసతి కల్పించుటచే ఆ దారిభయమును, కూలిపనిని, ఇంటిచాకిరిని ఒక్కమాఱే తొలగించినవి.

చదువు తెగినవారికి మరల త్రోవ కలదు. 1909లో రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయిగారికి ఎనిమిదవ యేటనే వివాహమైనది. ఆ బంధమును విడిచి, చదివి, వారు న్యాయవాదులైరి. 1937లో మదరాసున వారు స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మానిన స్త్రీలను కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపఱచెను. నేడు రెండు తెలుగు రాష్ట్రములందును సార్వత్రిక పాఠశాల ద్వారా 14 ఏండ్లు నిండినవారు పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చును. ఈ సంగతి కోతకూలికి పోవు పిల్ల తండ్రికి తెలియుట అరుదు. మీ వీథిలో నట్టి యిల్లున్నచో, ఈ వారములోనే పోయి చెప్పుడు.