ఉపాధ్యాయుని వేసవి యాత్ర

బోధించేవాడు జీవితాంతం విద్యార్థిగానే ఉండాలి. క్రీ.శ. 7వ శతాబ్దంలో చైనా పండితుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చి, కొన్ని నెలలు నివసించాడు. ఇక్కడి భిక్షువుల వద్ద అభిధర్మాన్ని అభ్యసించాడు. తానెరిగిన మహాయాన శాస్త్రాలను వారికి బోధించాడు. జ్ఞానార్జనకు యాత్ర ఎంతటి సాధనమో చాటిన ఆ ధాన్యకటకమే నేటి ధరణికోట, అమరావతి ప్రాంతం.

పల్నాడు జిల్లాలోని ముప్పాళ్ళ నుండి అమరావతికి ఒక్క పూటలో చేరుకోవచ్చు. అయితే అక్కడి మహాస్తూప వైభవాన్ని పిల్లలకు వివరించదలచిన ఉపాధ్యాయునికి అమరావతిని చూస్తే మాత్రమే చాలదు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన వందకు పైగా శిల్పఫలకాలు మొదట మద్రాసుకు, 1859లో లండన్‌కు తరలిపోయాయి. 1880 నుండి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరెన్నో శిల్పాలు చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. మన గడ్డపై పుట్టిన కళను కన్నులారా చూడడానికి దూర నగరాలకు పోవలసి వస్తున్నది. ఆ వ్యయాన్ని సంసార భారం మోసే ఉపాధ్యాయుడు ఎలా భరించగలడు?

ఇట్టి సందర్భంలో తోడ్పడేదే అధ్యయన యాత్రా గ్రాంటు. అవార్డు చేసిన పనికి దక్కే గౌరవం; గ్రాంటు చేయబోయే పనిపై ఉంచే విశ్వాసం. దానిని తిరిగి చెల్లించనక్కరలేదు. కాని నేర్చినదానిని తరగతి గదికి చేర్చవలసిన బాధ్యత ఉంటుంది.

ఉపాధ్యాయునికి ఇటువంటి తోడ్పాటు రెండు విధాలుగా అందుతుంది. మన దేశంలో కమలాదేవి చటోపాధ్యాయ, కపిలా వాత్స్యాయన్‌ల చొరవతో 1979లో సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సి.సి.ఆర్.టి.) ఏర్పడింది. హైదరాబాదులోనూ దీని ప్రాంతీయ కేంద్రం ఉంది. వివిధ రాష్ట్రాల ఉపాధ్యాయులు ఇక్కడ కలిసి ఉంటూ కళలను, చేతిపనులను నేర్చుకుంటారు. చారిత్రక కట్టడాలను దర్శిస్తారు. ఇక్కడ పాఠ్యక్రమాన్ని సంస్థయే నిర్ణయిస్తుంది.

అమెరికాలో 2001లో రేమండ్ ప్లాంక్ స్థాపించిన 'ఫండ్ ఫర్ టీచర్స్' పద్ధతి వేరు. తనకు తెలియనిదేమిటో, దానిని ఎక్కడికి వెళ్ళి నేర్చుకోవాలో, తన విద్యార్థులకు ఏమి మేలు కలుగుతుందో ఉపాధ్యాయుడే ప్రతిపాదనగా వ్రాస్తాడు. ఎంపికైన వారు వేసవి సెలవులలో ఆ యాత్ర సాగిస్తారు.

మొదటి పద్ధతి అడగడం తెలియని వారికి సైతం తలుపు తెరుస్తుంది. రెండవది ఉపాధ్యాయుని జిజ్ఞాసను గౌరవిస్తుంది. అయితే చక్కగా వ్రాయగలవారికే అది సులభంగా దక్కే ప్రమాదం లేకపోలేదు. ఎన్నికలు, జనగణన వంటి విధులను కూడా నెరవేర్చే మన ప్రభుత్వ ఉపాధ్యాయునికి ధనంతో పాటు తీరిక కూడా అవసరమే.

ముప్పాళ్ళ ఉపాధ్యాయుడొకడు వేసవిలో ఒక వారం చెన్నైలో గడిపి, ఆ ఫలకాలను పరిశీలించి, చిత్రాలు గీసుకొని వచ్చాడనుకొందాం. బడి తెరిచాక పిల్లలను అమరావతికి తీసుకొనిపోయి, "ఈ ఫలకం ఒకప్పుడు ఎక్కడ ఉండేదో చెప్పండి" అని అడుగుతాడు. అంతవరకు పుస్తకంలో పేరుగా ఉన్న స్తూపం వారి కన్నుల ముందు నిలుస్తుంది. ఒక్కని ప్రయాణ వ్యయంతో తరతరాల పిల్లలు ప్రయాణం చేస్తారు. గ్రాంటు నిజమైన ఫలితం అదే.